నేలమాళిగలో ఆరుగురు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ ఒక్క ఆట గురించే. పోయిన నెల ‘విజార్డ్రీ’ మీద రెండు మాటలు రాశాను, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ముందు ఆట ఏంటో చెప్పేస్తాను. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో చదువుకున్న ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు యాపిల్ 2 కంప్యూటర్ కోసం దీన్ని రాశారు, 1981లో వచ్చింది. ఆరుగురిని తయారు చేసుకుని కోట కింద ఉన్న పది అంతస్తుల నేలమాళిగలోకి దింపాలి, అట్టడుగున ఉన్న వెర్డ్నా అనే మాంత్రికుడి దగ్గర్నుంచి తాయెత్తు తెచ్చి రాజు ట్రెబోర్‌కి ఇవ్వాలి. ఆండ్రూ అనే పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి రాస్తే వెర్డ్నా, రాబర్ట్‌ని తిరగేస్తే ట్రెబోర్. డిజిటల్ ఎక్లిప్స్ వాళ్లు పాత ఆటనే పునాదిగా పెట్టుకుని బొమ్మలూ సంగీతమూ కొత్తగా చేసి 2024లో పూర్తిగా విడుదల చేశారు, ఆ సంగీతానికి వినిఫ్రెడ్ ఫిలిప్స్‌కి 2025లో గ్రామీ వచ్చింది. ఉత్తరాలు రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడుతున్నది ఈ కొత్తదే.

ప్రశ్న: సార్, ఈ ఆట నన్ను ఏడిపిస్తోంది. ఆరుగురిని తయారు చేసి, ఉన్న డబ్బులతో కత్తులూ డాళ్లూ కొనిచ్చి లోపలికి పంపాను. మొదటి తలుపు దగ్గర గెలిచాం. రెండో తలుపు దగ్గర ముగ్గురు పోయారు, మిగతావాళ్లు వెనక్కి వచ్చే దారిలో పోయారు. ఇలా నాలుగుసార్లు. నేనేం తప్పు చేస్తున్నాను?
— బీటెక్ మూడో సంవత్సరం, విజయవాడ

జవాబు: తమ్ముడూ, నువ్వు చేసిన తప్పు ఒక్కటే, రెండో తలుపు తీయడం. మొదటి తలుపు దగ్గర గెలిచావు కదా, అక్కడే వెనక్కి తిరిగి మెట్లెక్కి పైకి వచ్చేయాల్సింది.

మిగతా ఆటలు మనకి ముందుకి పోవడమే నేర్పాయి. ఇందులో ప్రతి అడుగుకీ రెండు వైపులా లెక్కుంటుంది. లోపలికి ఇరవై అడుగులు వేశావంటే బయటికి రావడానికీ ఇరవై అడుగులున్నాయి, ఆ ఇరవైలోనూ ఎవడో ఒకడు ఎదురుపడొచ్చు. మేజ్ అంటే మంత్రాలు వేసే మనిషి, కొత్త మేజ్ దగ్గర రెండే రెండు మంత్రాలుంటాయి. రెండూ వాడేశాక అతను చేతిలో బాకు పట్టుకుని భయంతో నిలబడ్డ మనిషి, ఒక్క దెబ్బకి పోతాడు. కాబట్టి మేజ్ దగ్గర ఒక మంత్రం మిగిలి ఉండగానే వెనక్కి తిరగాలి. ఫైటర్లకి ఒంట్లో సత్తువ నిండుగా ఉన్నా సరే, ఎదురుగా ఇంకో తలుపు ఊరిస్తున్నా సరే.

ఆ మంత్రాల్లో కటినో అని ఒకటుంది, ఎదుటివాళ్లని నిద్రపుచ్చుతుంది. చూడ్డానికి హలిటో బాగుంటుంది, నిప్పు ఉండ విసురుతుంది కదా, కొత్తవాళ్లంతా దాన్నే వాడతారు. కానీ హలిటో ఒక్కడిని కొడుతుంది, కటినో ఒక గుంపు మొత్తాన్ని పడుకోబెడుతుంది, పైగా పడుకున్నవాడికి తగిలే దెబ్బ రెట్టింపు. నలుగురైదుగురు కలిసి మీదికి వచ్చినప్పుడు వేరే ఆలోచన పెట్టుకోకు.

మనుషుల సంగతి. ముందు వరసలో ముగ్గురే కత్తితో కొట్టగలరు, దెబ్బలూ ఎక్కువ వాళ్లకే తగులుతాయి. ముగ్గురు ఫైటర్లు ముందు, వెనక థీఫ్ (పెట్టెల ఉచ్చులు చూసేవాడు), ప్రీస్ట్ (వైద్యం చేసేవాడు), మేజ్. దీనికన్నా గొప్ప కూర్పులున్నాయి కానీ మొదటిసారికి ఇది చాలు. సమురాయ్, నింజా లాంటి గొప్ప యోధులే కావాలంటూ మంచి పాయింట్లు పడేదాకా గంటల తరబడి మనుషుల్ని తయారుచేస్తూ కూర్చోకు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. సత్రంలో మంచి గది తీసుకుంటే దెబ్బలు మానతాయి, కానీ వారాలు గడుస్తాయి, మనిషికి వయసు పైబడుతుంది, డబ్బూ అయిపోతుంది. గుర్రాల పాకలో పడుకుంటే పైసా అక్కర్లేదు. దెబ్బలు మానవు కానీ మంత్రాలు మాత్రం నిండిపోతాయి. అందుకని ప్రీస్ట్‌ని ఒక్కడినే పాకలో పడుకోబెట్టు, అందరినీ తీసుకుని కిందికి దిగు, మెట్ల దగ్గరే ఆగి డియోస్ మంత్రంతో ఒక్కొక్కరికీ వైద్యం చేయించు, మళ్లీ పైకి తీసుకురా, మళ్లీ పాక. విసుగ్గానే ఉంటుంది. కానీ ఆ పది నిమిషాల ఓపిక ఉన్నవాడికి ఈ ఆటలో పేదరికం ఉండదు.

ప్రశ్న: మ్యాప్ గళ్ల కాగితం మీద గీసుకోమని పోయిన నెల రాశారు. కొత్త వెర్షన్‌లో మ్యాప్ అదే గీసిపెడుతోంది కదండీ. రోజంతా ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని వచ్చి, మళ్లీ పెన్సిలూ రబ్బరూ పట్టుకోవాలా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పట్టుకోవాలనేం లేదండీ. ఆటోమ్యాప్‌తో ఆడి గెలిచినవాళ్లు నాకు తెలుసు, వాళ్ల గెలుపు తక్కువదేమీ కాదు. కానీ ఒక్క అంతస్తుకి, మొదటి అంతస్తుకి, నా మాట విని చూడండి.

ప్రతి అంతస్తూ 20 గళ్లు అడ్డం, 20 గళ్లు నిలువు. మొదటి అంతస్తులో మెట్లు సరిగ్గా కింద ఎడమవైపు మూలన ఉంటాయి. పిల్లల లెక్కల పుస్తకంలో పేజీ తెరిచి ఆ మూల గడిలో చిన్న ‘మె’ రాసుకోండి. ఒక అడుగు వేస్తే ఒక గడి. గోడ ఉన్న వైపు గడి గీతని దిద్దండి, తలుపు ఉంటే ఆ గీత మీద చిన్న అడ్డగీత పెట్టండి. అంతే.

నాకు జరిగింది చెప్తాను. ఒక రాత్రి ఇలాగే గీసుకుంటూ పోతున్నాను, ఒక నడవా నేరుగా ఉత్తరానికి పోతోంది, ఏడెనిమిది గళ్లు హాయిగా గీశాను. ఉన్నట్టుండి నా పెన్సిల్ అంతకుముందే గీసిన ఒక గదిలోకి దూరింది. ఆ గదికి అటువైపు తలుపే లేదు. రబ్బరు తీసుకుని చెరిపాను, మళ్లీ నడిచాను, మళ్లీ అదే గదిలోకి వచ్చింది. నేనే అడుగులు తప్పు లెక్కపెట్టానేమో అని మొదట్నుంచి వేలు పెట్టి గడి గడీ లెక్కేసుకుంటూ వచ్చాను. నాలుగో గడిలో దొరికింది. ఆ గడిలో కాలు పెట్టగానే మనకి తెలియకుండా మనల్ని వేరే దిక్కుకి తిప్పేస్తుంది, ఎదురుగా కనిపించేది అదే నడవా, అవే గోడలు, మార్పేమీ కనబడదు. మనం ఉత్తరానికి పోతున్నామనుకుంటాం, పోతున్నది తూర్పుకి. దాన్ని పట్టుకున్న క్షణంలో నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది, ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది, చెరిపిన చోట కాగితం పల్చబడిపోయి వెనక పేజీ గీతలు కనిపిస్తున్నాయి. ఆటోమ్యాప్ ఉంటే ఆ గడి నాకు ఒక గుర్తుగా కనిపించి ఊరుకునేది.

ఎక్కడున్నారో తెలియకపోతే డుమాపిక్ మంత్రం వేయండి, ఏ దిక్కుకి చూస్తున్నారో, మెట్ల నుంచి తూర్పుకి ఎన్ని గళ్లు, ఉత్తరానికి ఎన్ని గళ్లు, ఎన్ని అంతస్తులు కింద ఉన్నారో చెప్పేస్తుంది. అది మేజ్ మొదటి తరగతి మంత్రమే. చీకటి గళ్లూ, గోతులూ, వేరే చోటికి విసిరేసే గళ్లూ వచ్చేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. వేసిన ప్రతిసారీ ఆ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి. ఎందుకో కింది ఉత్తరంలో తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సెలవుల్లో ఈ ఆట మొదలుపెట్టాడు. మొన్న రాత్రి తన మనుషులు ఆరుగురూ చనిపోయారని అన్నం తినలేదు, ఏడ్చాడు. వాళ్లలో ఒకరికి నా పేరు, ఒకరికి వాళ్ల తాతయ్య పేరు పెట్టుకున్నాడట. ఇంత టెన్షన్ పెట్టే ఆట పిల్లలకి అవసరమా? మాన్పించమంటారా?
— ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి. వాళ్లు ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కడ పడిపోయారో అక్కడే ఉన్నారు.

ఈ ఆటలో అందరూ చనిపోతే ఆట మొదటికి రాదు. వాళ్ల శరీరాలు ఆ అంతస్తులో, ఆ గడిలోనే ఉండిపోతాయి. కొత్తగా ఇంకొంతమందిని తయారు చేసి, వాళ్లని బలవంతుల్ని చేసి, అక్కడిదాకా నడిపించి వెతికితే దొరుకుతారు, పైకి మోసుకొచ్చి గుడిలో బతికించుకోవచ్చు. ఒక గుంపులో మొత్తం ఆరుగురికే చోటు, మోసుకొచ్చేవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. అంటే ఆరుగురు వెళ్తే ఒక్కరినీ తీసుకురాలేరు. ముగ్గురు వెళ్లాలి, ముగ్గురిని తేవాలి, మళ్లీ వెళ్లాలి.

నా ఆరుగురు మూడో అంతస్తులో పోయారు. ఒక పెట్టె తెరిచాం, దాని ఉచ్చు ఇంకేదో అనుకున్నాడు మా థీఫ్, తీరా చూస్తే అది మనుషుల్ని ఎక్కడికో విసిరేసే ఉచ్చు. తెలియని చోట పడ్డాం. మేజ్ దగ్గర ఒక్క మంత్రం ఉంది. దాంతో నిద్రపుచ్చాలా, ఎక్కడున్నామో తెలుసుకోవాలా అని చాలాసేపు ఆలోచించి డుమాపిక్ వేశాను, వచ్చిన రెండు అంకెలూ పేజీ అంచున రాసుకున్నాను. ఆ తర్వాతి పోరాటంలో అందరూ పోయారు. కొత్త ముగ్గురిని పైఅంతస్తులో రెండు వారాలు పెంచాను, రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక గంట. ఆ రెండు అంకెలు చేతిలో లేకపోతే 400 గళ్లలో వాళ్లని ఎక్కడని వెతకను? రెండు విడతల్లో ఆరుగురినీ తెచ్చుకున్నాను. గుడిలో ఒకరు బతకలేదు. ఐదుగురు బతికారు.

మాన్పించాలా అని అడిగారు. నేనైతే మాన్పించను. పేరు పెట్టుకున్న మనిషి కోసం ఏడ్చాడంటే ఆ పిల్లాడికి మనసుంది, దానికి మీరు సంతోషించాలి. అయితే అన్నం దగ్గర మాత్రం రాజీ పడకండి. సమయానికి ఒక పద్ధతి చెప్తాను: గడియారం చూసి ఆపమంటే పోరాటం మధ్యలో ఉన్నానంటాడు, అది అబద్ధం కాదు, నిజంగానే ఉంటాడు. అందుకని ‘రోజుకి రెండుసార్లు కిందికి దిగి పైకి రావడం’ అని ఒప్పందం చేసుకోండి. పైకి వచ్చాక అందరూ క్షేమంగా కోటలో ఉంటారు, వాడికీ నిద్ర పడుతుంది. వీలైతే ఒక రోజు పక్కన కూర్చుని మ్యాప్ మీరు గీయండి. మీ పేరున్న మనిషిని తీసుకురావడానికి మీరే దారి చూపించినట్టుంటుంది.

ప్రశ్న: గుడిలో వేలకి వేలు కట్టించుకుని మా ఫైటర్‌ని బూడిద చేశారు. ఇదేం న్యాయం?
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: చనిపోయినవాడు బతకకపోతే బూడిదవుతాడు, బూడిద నుంచి కూడా బతకకపోతే శాశ్వతంగా పోతాడు. బతికే అవకాశం ఆ మనిషి వైటాలిటీ, అంటే ప్రాణశక్తి, మీద ఆధారపడి ఉంటుంది. తయారు చేసేటప్పుడు అందరూ బలానికే పాయింట్లన్నీ పోస్తారు, వైటాలిటీని వదిలేస్తారు. మీ ఫైటర్‌ది ఎంతో ఒకసారి చూడండి. బూడిద దగ్గరే ఉంది కదా, ఇంకో అవకాశం ఉంది, డబ్బు కూడబెట్టి మళ్లీ వెళ్లండి.

ప్రశ్న: ఆర్నెల్లు ఆడాను. మేజ్ 13వ లెవెల్‌కి వచ్చి మాలోర్ మంత్రం నేర్చుకుంది, ఎన్ని గళ్లు ఎటు వెళ్లాలో చెప్తే గుంపు మొత్తాన్నీ అక్కడికి చేర్చేది. మొదటిసారి వాడేటప్పుడు లెక్క తప్పి తూర్పుకి మ్యాప్ అంచు దాటించేశాను. ఆరుగురూ రాయిలో ఇరుక్కుని శాశ్వతంగా పోయారు. నా దగ్గర నిన్నటి సేవ్ ఫైల్ కాపీ ఉంది. తెచ్చి పెట్టుకుంటే మోసం చేసినట్టా? నిజంగా నిద్ర పట్టట్లేదు.
— డాలస్, అమెరికా

జవాబు: తెచ్చి పెట్టుకోండి. ఈ ఒక్కసారికి.

ఇది ఇవాళ్టి గొడవ కాదు. యాపిల్ 2 రోజుల్లో కూడా మనిషి చనిపోగానే ఆట ఆ సంగతి ఫ్లాపీ మీద రాసేసేది, అది రాసేలోపు డ్రైవ్ తలుపు తెరిచేసినవాళ్లున్నారు, ఫ్లాపీకి ముందే నకలు తీసి దాచుకున్నవాళ్లున్నారు. అప్పట్నుంచీ జనం రెండు జట్లుగా వాదించుకుంటూనే ఉన్నారు.

నేను గీసుకున్న గీత ఇది. పోరాడి పోతే పోయినట్టే. ఇంకో తలుపు తీద్దామని నేనే అనుకున్నాను, దాని ఫలితం నేనే పడాలి, అది వెనక్కి తెస్తే మర్నాడు ఏ తలుపు దగ్గరా నాకు గుండె కొట్టుకోదు, గుండె కొట్టుకోని రోజున ఈ నేలమాళిగ ఉత్త గళ్ల కాగితం. మీది అలా కాదు. మీరు అత్యాశకి పోలేదు, తొందరపడి ఒక అంకె తప్పు నొక్కారు. ఆర్నెల్ల కష్టం ఒక కూడిక తప్పుకి పోవాలని నేను అనలేను. కొందరు ఒప్పుకోరు, రాయిలో పడే భయమే మాలోర్‌కి విలువ ఇస్తుందంటారు, ఆ మాటలోనూ నిజముంది.

ఇక నుంచి మాలోర్ ముందు డుమాపిక్ తప్పనిసరి. ఉన్న చోటు కాగితం మీద రాయండి, వెళ్లాల్సిన చోటు దాని కింద రాయండి, తీసివేత చేయండి, బిగ్గరగా చదవండి, అప్పుడు నొక్కండి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇస్తారే, అలాగ.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆడగలనా?
— ఆటో డ్రైవర్, రాజమండ్రి

జవాబు: నిక్షేపంగా ఆడగలరండీ. మంత్రాల పేర్లు ఇంగ్లీషు వచ్చినవాళ్లకీ అర్థం కావు, అవి ఆట కోసం కల్పించిన మాటలు. హలిటో, కటినో, డియోస్, మిల్వా, డుమాపిక్ అని ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని, ఎదురుగా ‘నిప్పు’, ‘నిద్ర’, ‘వైద్యం’, ‘వెలుతురు’, ‘ఎక్కడున్నాం’ అని రాసి గోడకి అంటించుకోండి. ఇక పోరాటంలో కొట్టు, కాచుకో, మంత్రం వెయ్యి, పారిపో లాంటి నాలుగైదు మాటలు చాలు. పెట్టెల ఉచ్చుల పేర్లు ఒక పదుంటాయి, వాటిలో టెలిపోర్టర్ (మనుషుల్ని ఎక్కడికో విసిరేసేది) అనే మాట మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, అది కనబడితే పెట్టె వదిలేయండి. మీకు దారులు గుర్తుంచుకోవడం మాకన్నా బాగా వచ్చు, రాజమండ్రి సందుల్లో బండి తోలినవాళ్లకి 20 గళ్లు ఓ లెక్కా?

ప్రశ్న: వెర్డ్నాని కొట్టేశాను! పదో అంతస్తులో గది తర్వాత గది, పోరాటం తర్వాత పోరాటం, చివర్లో అతని పక్కన వ్యాంపైర్ లార్డ్, చెయ్యి వణికిపోయింది. ఇప్పుడు ఇల్లంతా ఖాళీగా ఉన్నట్టుంది. తర్వాత ఏం ఆడాలి?
— టీచర్, ఖమ్మం

జవాబు: అభినందనలు మేడమ్. ఎంతమందితో దిగి ఎంతమందితో పైకి వచ్చారో రాయలేదు, వచ్చే ఉత్తరంలో తప్పకుండా రాయండి.

మ్యాప్ గీయడం నచ్చితే అట్లస్ వాళ్ల ‘ఎట్రియన్ ఒడిస్సీ’. 2007లో నింటెండో డీఎస్ మీద వచ్చింది, కింది స్క్రీన్ మీద పుల్లతో మనమే మ్యాప్ గీసుకోవాలి, మొదటి మూడూ కలిపి 2023లో పీసీకి కూడా తెచ్చారు. మీ క్లాసులో పిల్లలకి చూపించదగ్గ ఆట అది. పజిళ్లు ఇష్టమైతే ఫిన్లాండ్ వాళ్ల ‘లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్’, 2012ది, అందులో మన వంతు వచ్చేదాకా ఎవడూ ఆగడు, మీరు ఆలోచిస్తుండగానే మీదికి వచ్చేస్తాడు, కాబట్టి మొదట్లో తికమకగా ఉంటుంది. విజార్డ్రీలోనే నాలుగోది 1987లో వచ్చింది, అందులో మీరు వెర్డ్నా. అడుగు నుంచి పైకి ఎక్కాలి, దారిలో మీలాంటి వీరులే అడ్డొస్తారు. అంత కష్టమైన ఆట నేను ఇంకొకటి చూడలేదు, ఇప్పుడే వద్దు.

వాటన్నిటికన్నా ముందు, మీ పది పేజీల మ్యాపులు ఎక్కడున్నాయో చూసుకోండి. నాదో విన్నపం, వాటిని పారేయకండి, ఒక ఫైల్లో పెట్టండి. వరంగల్ నుంచి రాసిన ఆ అమ్మగారి అబ్బాయికి మూడో నాలుగో అంతస్తుల పేజీలు ఫోటో తీసి పంపగలిగితే ఈ శీర్షికకే పంపండి, నేను వాళ్లకి చేరుస్తాను. వాడు ఇప్పుడు ముగ్గురిని తయారు చేస్తూ ఉంటాడు.